జపాన్‌ల చావులెక్కువా, మన దగ్గరా?

ఏడాదికి వెయ్యి మందిల జపాన్‌ల 13 మంది దాకా పోతున్నరు, మన దేశంల 6, 7 మంది. అట్లని మనమే గట్టిగున్నమనుకుంటే నవ్విపోతరు. వాళ్ల సగటు ఆయుష్షు 84 ఏండ్లు, మనది డెబ్బై దాటి కొంచెం.

తిరకాసంతా వయసుల ఉంది. హన్మకొండల నేనుండే హాస్టళ్ల గల్లీల మూడేండ్ల సంది ఒక్క చావు డప్పు వినలే. పరకాల దిక్కు మా ఊళ్లె అరుగుల మీద మిగిలింది ముసలోళ్లే. దినాలకే ఏడాదికి నాలుగైదు సార్లు పోయొస్త. గల్లీల గాలేం మంచిది కాదు, ఉన్నోళ్లంతా ఇరవై ఏండ్లోళ్లు, అంతే.

1980ల జపాన్ చావుల రేటు కూడా వెయ్యికి 6 దగ్గరే. వైద్యం మెరుగైంది, జనం ముసలైండ్రు, రేటు రెండింతలైంది.

ఇట్ల వయసు చూడకుండ మొత్తం జనం మీద కట్టేది స్థూల రేటు. శ్మశానాలెన్ని కావాలె అన్నదానికి ఇదే పనికొస్తది. ఆరోగ్యం పోల్చాలంటే మాత్రం వయసు సవరించిన రేటే చూడాలె: రెండు దేశాలల్ల ముసలోళ్లు, పిల్లలు ఒకే పాళ్లల్ల ఉన్నరనుకొని కట్టే లెక్క. అందుల జపాన్ మనకంటే చానా కిందుంటది. నేనైతే పేపర్ల ఏ రేటు కనబడ్డా ముందు ఇది ఏ రేటో చూస్త.