పనస డొక్క, గుమ్మడి టేకు పైపలక: విశాఖ గాలిలో మూడు వర్షాకాలాలు దాటిన తొలి క్లాసికల్ గిటార్

స్థానిక కర్రలతో నేను చేసిన ఈ గిటార్ మీద ముందుగా తీర్పు. వెనక పలకకీ పక్కలకీ పనస భేషుగ్గా సరిపోయింది. గుమ్మడి టేకు పైపలకగా పనికొస్తుంది కానీ, గిటార్ పైపలకలకు మామూలుగా వాడే స్ప్రూస్ కర్ర కొలతలకు చిత్రిక పడితే చేతులు కాలతాయి. టేకుతో మెడ మాత్రం మళ్లీ చెయ్యను. రోజూ గంటకు తక్కువ కాకుండా వాయిస్తూ మూడు వర్షాకాలాలు చూశాక చెబుతున్న మాటలివి.

కొలతలు మామూలువే: తీగ పొడవు 650 మి.మీ., 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర మెడ డొక్కలో, అంటే గిటార్ పెట్టెలో కలుస్తుంది, తల దగ్గర తీగలు ఆనే నట్ వెడల్పు 52 మి.మీ., డొక్క లోతు 95 నుంచి 100 మి.మీ. పైపలక కింద విసనకర్రలా పరిచిన ఏడు బద్దలు. కొత్తది కర్ర ఒక్కటే.

బొబ్బిలి వీణ పనసకర్రతోనే చేస్తారు కాబట్టి గిటార్‌కూ అదే మేలని చాలామంది అనుకుంటారు. వీణను మొద్దులోంచి తొలుస్తారు, ఇక్కడ 2 మి.మీ. కూడా లేని పలకను వేడి గొట్టం మీద వంచాలి. రెండూ వేరు పనులు. పనస నార మెలి తిరిగి ఉంటుంది. ఒక వరస ఇటు, పక్క వరస అటు పోతాయి. పక్కలు 1.9 మి.మీ. మందంలో వంచితే నడుము దగ్గర పొరలు లేచిపోయాయి. 1.7కి తగ్గించి, బయటివైపు పలుచని స్టీలు రేకు ఆనించి వంచితే నిలిచాయి. పావుగంట తడిపితే చాలు, రాత్రంతా నానబెడితే పలక అడ్డంగా దోనెలా వంగుతుంది. తడి పనస ఇనుప గొట్టానికి నేరుగా తగిలితే నల్ల మరకలు పడతాయి, మధ్యలో అల్యూమినియం ఫాయిల్ చుట్టండి. వెనక పలక 2.6 మి.మీ. దగ్గర ఆపాను.

కొత్త దుంగ కంటే పాత ఇంటి కర్ర మేలు. భీమిలి వైపు పాత పెంకుటిళ్లు విప్పినప్పుడు దొరికే పనస దూలాలు, తలుపు చెక్కలు ఏళ్ల తరబడి ఆరి, ఇక కదలకుండా కుదురుకుని ఉంటాయి. కోత మిల్లుకు ఇచ్చేముందు అయస్కాంతంతో నాలుగు వైపులా తడమండి. ఒక్క విరిగిన మేకు చాలు, రంపం పళ్లు పోతాయి. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కను పూర్తిగా తీసేయండి, పుచ్చు పట్టేది అక్కడే.

వెనక కర్ర శబ్దాన్ని ఎంత మారుస్తుందన్న వాదనకు పాత జవాబొకటి ఉంది. స్పెయిన్‌కు చెందిన గిటార్ తయారీదారు ఆంటోనియో ద టోరెస్ 1862లో వెనకనూ పక్కలనూ కాగితపు గుజ్జు అట్టతో చేసి, స్ప్రూస్ పైపలక బిగించి గిటార్ తయారుచేశాడు. పైపలకే ప్రధానమని చూపడానికే ఆ పని. అందుకే పనస విషయంలో భయపడనక్కర్లేదు, పైపలక విషయంలో మాత్రం ప్రతి పది గ్రాములూ లెక్కే.

గుమ్మడి టేకు తేలిక కర్ర, ఆరాక పెద్దగా మెలి తిరగదు, చిత్రికకు వెన్నలా లొంగుతుంది. లోపం బిగువులో ఉంది. అదే బరువున్న స్ప్రూస్ కంటే తొందరగా వంగుతుంది. 2.3 మి.మీ.కి తెచ్చిన మొదటి పలక, తీగలు కట్టే బ్రిడ్జి వెనక ఉబ్బి, ముందు కుంగింది. మామూలు టెన్షన్ నైలాన్ తీగలు ఆరూ కలిసి సుమారు 40 కిలోల లాగుడు పెడతాయని మరిచిపోకూడదు. ఇప్పుడున్న రెండో పలక నడుమ 2.8, అంచుల్లో 2.4. బద్దల ఎత్తు మూడున్నర నుంచి 5 మి.మీ.కి పెంచాను. పలక ఎంచేటప్పుడు కొసన వలయాల గీతలు నిటారుగా నిలిచి ఉండాలి, ఏటవాలుగా ఉన్నది పక్కన పెట్టేయండి.

బద్దలకు స్థానిక కర్రలేవీ నచ్చలేదు. పోర్టు, ఆటోనగర్ వైపు పాత సామాన్ల కొట్లలో యంత్రాలు వచ్చిన పైన్, స్ప్రూస్ పెట్టెలు దొరుకుతాయి. వాటిమీద ముద్ర చూడండి: హెచ్.టి. అంటే వేడితో శుద్ధి చేసినది, తీసుకోవచ్చు. ఎం.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించినది, ముట్టుకోవద్దు. ఆ చెక్కను రంపంతో కోయకుండా ఉలితో చీల్చండి. అప్పుడే నార ఈ చివర నుంచి ఆ చివరకు తెగకుండా వస్తుంది.

ఇక తేమ. సముద్రం పక్క గాలిలో 70–75 శాతం తేమ ఉన్నప్పుడు కర్రలో 13–14 శాతం నీరు నిలుస్తుంది. 50 శాతం గాలిలో అది 9కి దిగుతుంది. బయటి గాలిలో బద్దలు అతికించి తర్వాత ఏసీ గదిలో పెడితే పలక ముడుచుకుంటుంది, అడ్డంగా ఉన్న బద్దలు ముడుచుకోనివ్వవు, నడిమి అతుకు చీలుతుంది. పలకలనూ బద్దలనూ రెండు వారాలు ఏసీ గదిలో ఉంచి, వంటింటి త్రాసు మీద రోజూ తూచి, బరువు తగ్గడం ఆగాకే జిగురు పూయండి. గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ 50 శాతం దాటిన రోజు అతికింపు పని పెట్టుకోకండి. మిగతా ఏ జాగ్రత్తా దీని తర్వాతే.

ఇంత చేసినా జులై నుంచి అక్టోబరు దాకా పైపలక కొంచెం పైకి లేస్తుంది. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 4 మి.మీ. నుంచి 4.5కి పెరుగుతుంది. బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్ ఎత్తు 1 మి.మీ. తీస్తే 12వ ఫ్రెట్ దగ్గర అర మి.మీ. తగ్గుతుంది కాబట్టి, ఆ లెక్కన ఎముకతో రెండు శాడిల్‌లు చేసి పెట్టుకున్నాను, ఒకటి వానలకు, ఒకటి మిగతా నెలలకు. మార్చడానికి ఐదు నిమిషాలు పట్టదు.

టేకు మెడ గట్టిదే, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర వంపు 0.3 మి.మీ. దాటలేదు. కానీ బరువు. గిటార్ మొత్తం 1.85 కిలోలు తూగుతోంది, తల భాగం కిందికి వాలుతుంది. పైగా టేకులో నూనె ఉంటుంది, తల అతికిన ఏటవాలు అతుకు రెండో మే నెలలో విచ్చుకుంది. అతికించేముందు అసిటోన్‌తో తుడిచి పావుగంటలోపు జిగురు పెట్టాలి. అలా చేశాక మళ్లీ కదల్లేదు. టేకులోని ఇసుక గుణం ఉలి పదును కూడా తినేస్తుంది. ఇంకోటి చేస్తే మెడకు తూన్ కర్ర వాడతాను, అది గిటార్ మెడలకు వాడే స్పానిష్ సీడర్ కుటుంబానిదే, చాలా తేలిక.

బ్రిడ్జికి మొదట చింత చేవ వాడితే 26 గ్రాములు తూగి పై తీగల గొంతు నొక్కేసింది. అదే కొలతలో జిట్రేగు (రోజ్‌వుడ్) 21 గ్రాములు. నోరు వెంటనే తెరుచుకుంది. ఫింగర్‌బోర్డు కూడా జిట్రేగే. అంచు పట్టీలకు ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర వాడాను. తెల్లగా, నునుపుగా ఉండి 2 మి.మీ. పట్టీ సులువుగా వంగింది.

లక్క పాలిష్‌లో ఒక చిక్కు ఉంది. పనసలోని పసుపు రంగు స్పిరిట్‌కు కరిగి గుడ్డతో పాటు అంకుడు అంచు మీదికీ పైపలక మీదికీ పాకుతుంది. కాబట్టి అంచులకూ పైపలకకూ ముందు రెండు మూడు పూతలు వేసి ఆరనిచ్చాకే, వేరే గుడ్డతో పనస జోలికి వెళ్లండి. వాన రోజున పాలిష్ వేస్తే పాలలాంటి తెలుపు కమ్ముకుంటుంది. చెమట చేయి ఆనే చోట పూత మెత్తబడుతుంది, అక్కడ పలుచని గుడ్డ వేసుకుని వాయించాల్సిందే.

శబ్దం గురించి: కింది తీగలు నిండుగా, వెచ్చగా పలుకుతాయి. మొదటి తీగ పన్నెండో ఫ్రెట్ పైన సన్నబడి త్వరగా ఆరిపోతుంది, మంచి స్ప్రూస్ గిటార్‌తో పోటీ పడదు. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీది స్వరం ఒక్కసారి గట్టిగా మోగి చప్పున చచ్చిపోయేది, డొక్కలోని గాలి సహజ కంపనం సరిగ్గా ఆ స్వరం మీదే పడడం వల్ల. పైపలక రంధ్రం లోపల సెంటీమీటరు లోతున్న అట్ట వలయం అమరిస్తే ఆ కంపనం రెండు స్వరాల మధ్యకు జరిగింది. ఆ వలయం ఇప్పటికీ అక్కడే ఉంది.