మూడు బంతుల స్పైరోమీటర్ వాడి చూశాం: ఇది ఊదేది కాదు, గుంజేది

పోయిన నెల మా నాయనకు నల్లగొండలో పిత్తాశయం ఆపరేషన్ అయింది. రాళ్లు ఎప్పటి నుంచో ఉన్నాయట, చీము పట్టేదాకా మనిషి నోరు విప్పలేదు, దాంతో చిన్న చిన్న రంధ్రాలతో అయిపోవాల్సిన పని కాస్తా కుడి పక్కటెముకల కింద జానెడు కోత అయింది. రెండో రోజు పొద్దున సిస్టర్ ఒక చీటీ చేతిలో పెట్టి, ఈ స్పైరోమీటర్ (లోతుగా ఊపిరి పీల్చే కసరత్తు చేయించే వస్తువు) తెచ్చి వాడించండి అని చెప్పి పోయింది. గడియారం సెంటర్ దగ్గర ఒక మెడికల్ షాపులో దొరికింది. డబ్బా మీద రేటు నాలుగొందలు దాటి ఉంది, తగ్గించమంటే 280కి ఇచ్చాడు. అడగకపోతే ఇవ్వడు కాబట్టి మీరూ అడగండి.

చూడటానికి జాతరలో అమ్మే ఆటబొమ్మలా ఉంటుంది. పక్కపక్కన మూడు ప్లాస్టిక్ గదులు, ఒక్కో గదిలో ఒక రంగు బంతి, పక్క నుంచి మడతల గొట్టం, దాని కొసకు నోట్లో పెట్టుకునే ముక్క. నాయన అటూ ఇటూ తిప్పి చూసి "ఏందిరా ఇది, మీ అమ్మ పొయ్యి ఊదే గొట్టం తెచ్చినవా" అన్నాడు. ఊదాలని షాపులో పిల్లాడు చెప్పాడు, నేనూ అదే చెప్పాను, ఆయన ఊదాడు. బంతులు కదల్లేదు. ఇంకా గట్టిగా ఊదాడు, కుట్లు గుంజి కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ బంతులు కూర్చున్న చోటే కూర్చున్నాయి. వస్తువు పాడైంది, వాపసు ఇచ్చేద్దామని నేను చెప్పులు కూడా వేసుకున్నాను. అంతలో ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి వచ్చి నవ్వి "ఊదొద్దు అంకుల్, కొబ్బరిబోండంలో స్ట్రా పెట్టి తాగినట్టు లోపలికి గుంజండి" అంది. మొదటి బంతి లేచింది.

ఇంత చిన్న మాట డబ్బా మీద తెలుగులో ఒక్క లైను రాస్తే ఏం పోతుందో నాకు అర్థం కాదు. లోపల ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఉంది, అంతా ఇంగ్లీషే, అక్షరాలు చీమ తలకాయంత. నా మొదటి మార్కు కోత దీనికే.

ఎందుకు గుంజాలో నాయనకు చెప్పడానికి నాకు కొలిమి గుర్తొచ్చింది, ఆయనకు అది వెంటనే అర్థమైంది కూడా. కమ్మరి కొలిమి దగ్గర తోలుతిత్తిని తెరిస్తే గాలి దానంతట అదే లోపలికి వస్తుంది, ఎవరూ నింపరు. మన ఊపిరితిత్తి పేరులోనే ఆ తిత్తి ఉంది. దానికి తనంతట తాను సాగే కండరం లేదు. కింద గొడుగులా వంగి ఉండే విభాజక పటలం, అదే డాక్టర్లు డయాఫ్రం అనేది, కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకి లేస్తాయి, ఛాతీ లోపల జాగా పెరిగి ఒత్తిడి తగ్గుతుంది, బయటి గాలి ముక్కు గుండా, వాయునాళం గుండా లోపలికి దూసుకొస్తుంది. మామూలుగా కూర్చుని ఉన్నప్పుడు ఒక్కో శ్వాసలో వచ్చేది సుమారు అర లీటరు, బయటికి వదలడానికి అయితే పెద్ద కష్టం కూడా ఉండదు, సాగిన రబ్బరు వెనక్కి వచ్చినట్టు అవే ముడుచుకుంటాయి.

ఇప్పుడు కోత ఎక్కడ పెట్టారో చూడండి, సరిగ్గా ఆ గొడుగు కింద. కాస్త లోతుగా పీలిస్తే చాలు నొప్పి. అందుకని మనిషి తెలియకుండానే పైపైన ఊపిరి తీస్తాడు, దగ్గు వచ్చినా ఆపుకుంటాడు. దాంతో ఊపిరితిత్తుల అడుగున ఉన్న వాయుగోణుల్లోకి, అంటే గాలి నిండే బుల్లి సంచుల్లోకి, గాలి సరిగ్గా పోక అవి అంటుకుపోతాయి, అక్కడ తెమడ చేరుతుంది, అది కాస్తా నిమోనియాకు దారి తీయొచ్చు. కొత్త బుడగను ఊదేటప్పుడు మొదటి ఊదుకే కదా బుగ్గలు నొప్పి పుట్టేది, ముడుచుకున్న వాయుగోణి కూడా అంతే, ఒకసారి తెరుచుకుంటే ఆ తర్వాత సులువు. పీల్చి మూడు నుంచి ఐదు సెకన్లు బంతిని పైనే నిలపమనేది అందుకే. ఈ వాయుగోణులు రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ముప్పై కోట్లకు పైనే ఉంటాయి, గోడ మందం వెంట్రుకలో సుమారు వందో వంతు, అవతల పక్క రక్తం. ఆక్సిజన్ అటు దాటడం, కార్బన్ డయాక్సైడ్ ఇటు రావడం అంతా ఆ గోడ దగ్గరే. ముడుచుకున్న గదులు ఎన్ని ఉంటే అంత రక్తం ఉత్త చేతులతో తిరిగి వెళ్తుంది.

మా నాయన సంగతి ఇంకొంచెం వేరు. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో ఇరవై ఏళ్లు పనిచేశాడు, తవుడు దుమ్ములోనే తినేది, తాగేది, పైగా బీడీ. శ్వాసనాళాల లోపలి గోడకు శైలికలు, అంటే సన్నని నూగు వెంట్రుకల్లాంటివి, ఉంటాయి, జిగురుకు అంటుకున్న దుమ్మును గొంతు వైపు నెడుతూ ఉంటాయి. బీడీ పొగ వాటిని మందగింపజేస్తుంది, ఊడ్చేవాడే పడుకుంటే వాకిలి ఎట్లుంటుందో ఊహించుకోండి. పొద్దున లేవగానే ఆయన దగ్గే దగ్గును మేం ఇన్నాళ్లూ అలారంలా వాడుకున్నాం, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఈ బంతులు ఆ ఇరవై ఏళ్ల దుమ్మును తీసేయవు, అట్లా ఎవరైనా అమ్మితే నమ్మకండి. దమ్ము, పాత దగ్గు ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

ఇక వస్తువులో అసలు లోపం. గదుల మీద 600, 900, 1200 అని ఉంటుంది. అంత గాలి లోపలికి పోయిందని మేం అనుకున్నాం. కాదు, అది వేగం, సెకనుకు అన్ని మిల్లీలీటర్లు. అంటే చటుక్కున ఒక్క గుంజు గుంజితే మూడు బంతులూ ఎగురుతాయి, లోపలికి పోయేది మాత్రం గుక్కెడే. మా అక్క కొడుకు పదకొండేళ్ల వాడు ఇట్లాగే మూడూ లేపి తాతను ఏడిపించాడు, తాతకు పంతం వచ్చి తనూ చటుక్కున గుంజడం మొదలుపెట్టాడు. అమ్మాయి మళ్లీ వచ్చి, మూడు లేవడం గొప్ప కాదు, ఒక్క బంతినే నిదానంగా లేపి నిలపండి అని చెప్పాల్సి వచ్చింది. డబ్బాను కాస్త వంచి పట్టుకున్నా బంతులు తేలిగ్గా లేస్తాయి, మా నాయన అదీ కనిపెట్టాడు. ఎంత గాలి పోయిందో పిస్టన్‌తో చూపించే రకం వేరే ఉంది, ధర ఎక్కువ, దొరికితే అదే మేలు అని నా అభిప్రాయం. మా దగ్గర రెండు షాపుల్లో అడిగాను, లేదన్నారు.

ఇంకో సంగతి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి, ఒక్కోసారికి పది గుంజులు అని మాకు చెప్పారు. ఈయన బాకీ తీర్చినట్టు ఒకేసారి ముప్పై గుంజాడు, తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కి, ఇంక నా పని అయిపోయింది అని టెన్షన్ పెట్టాడు. ఆక్సిజన్ తక్కువై కాదు అది. గబగబా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ మరీ ఎక్కువగా బయటికి పోయి, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు కాస్త బిగుసుకుంటాయి, అందుకే ఆ తిరుగుడు. గుంజుకూ గుంజుకూ మధ్య మామూలు ఊపిరి తీసుకోనిస్తే మళ్లీ రాలేదు. చివర్లో కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని దగ్గమన్నారు, మొదటి రెండు రోజులు తిట్టుకుంటూ దగ్గాడు, మూడో రోజు తెమడ పడ్డాక ఆయనే దిండు అడిగి తీసుకున్నాడు.

వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే మిషన్‌లో రెండో రోజు 92 ఉన్నది, ఇంటికొచ్చే రోజు 96 చూపించింది. నడిపించారు, మందులు ఇచ్చారు, నొప్పీ తగ్గింది కాబట్టి అంతా ఈ బంతుల పుణ్యమే అనను. ఐదుకు మూడున్నర ఇస్తాను.

కొనేటప్పుడు గొట్టం డబ్బాకు బిగుసుకునే చోట చూసుకోండి. మాకు మొదట ఇచ్చినదాంట్లో అక్కడ సన్నని పగులు ఉంది, ఎంత గుంజినా గాలి అక్కడి నుంచే వస్తుంది, షాపతను మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు. నోట్లో పెట్టుకునే ముక్కను రోజూ కడిగి ఆరబెట్టండి, ఒకరిది ఇంకొకరు వాడొద్దు. ఈ మాట మా అక్క కొడుక్కి కాస్త ఆలస్యంగా చెప్పాం.