సోలార్ పెట్టిచ్చుకునేటోళ్లు జర పైలం: ప్యానెళ్లు మనయే, తాళంచెవి వాళ్ల కాడ

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌ల ఇంటి మీద సోలార్ పెట్టిద్దామని చూస్తున్నోళ్లు ఇది ఒక్కసారి చదువుండ్రి. ప్యానెళ్లు మంచియా కావా అని అందరు అడుగుతరు. నేను గూడ అదే అడిగిన. అడగాల్సింది ఇంకొకటి ఉండె: ఆ సామాను నడిపే యాప్ ఎవరి పేరు మీద ఉన్నదని. అది తెల్వక మే నెల ఎండ తొమ్మిది దినాలు ఉత్తగనే పోయింది.

మాది హంటర్ రోడ్ దిక్కు. బంగ్లా మీద 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, మెట్ల కింద గోడకు ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంట్ల వాడే ఏసీగ మార్చే పెట్టె. కేంద్రం ఇచ్చే సోలార్ సబ్సిడీ స్కీమ్ పీఎం సూర్య ఘర్ కింద పెట్టిచ్చిన, మొత్తం 1,95,000 అయింది. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడో దానికి 18,000 లెక్కన 78,000 సబ్సిడీ నా ఖాతాలనే పడ్డది. ఆ విషయంల వెండర్ మీద, అంటే బిగిచ్చినోళ్ల మీద, నాకు ఏ ఫిర్యాదు లేదు. ప్యానెళ్లు గూడ డీసీఆర్‌వే, అంటే మన దేశంల చేసిన సెల్స్‌వి. అవి కాకుంటే సబ్సిడీ రాదు. కొందరు తక్కువ రేటు చెప్పి బయటి సెల్స్‌వి బిగిచ్చి పోతరు, సీరియల్ నంబర్లు బిల్లుల రాయించుకోండ్రి.

ఇగ అసలు సంగతి. ఏడాది నిండంగనే వెండర్ ఆఫీసు నుంచి ఫోన్. "సార్, ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ పైసలు, 4,500 కట్టాలె, యాప్ సర్వీసు గూడ అండ్లనే ఉంటది." నేను అగ్రిమెంట్ తీసి చూసిన. ఈ స్కీమ్ కింద పెట్టినోళ్లు ఐదేండ్లు మెయింటెనెన్స్ వాళ్లే చూడాలె. అదే మాట చెప్పిన. పైపు పట్టి ప్యానెళ్లు కడిగేది నేనే, ఏడాదిల మీ మనిషి ఒక్కసారన్న మెట్లెక్కలేదు, 4,500 దేనికి అన్న. అవుతల పిల్ల మర్యాదగనే "సరే సార్, మా సార్‌కు చెప్తా" అన్నది.

నాలుగో దినం పొద్దున, ఎంత కరెంటు వస్తున్నదో చూపెట్టే యాప్ చూస్తే సున్న. మొగులు పట్టిందా అంటే, బయట ఎండ నిప్పులు చెరుగుతున్నది. వెండర్‌కు ఫోన్ చేస్తే "కోతులు వైరు తెంపి ఉంటయ్ సార్" అన్నడు. నమ్మిన! హన్మకొండల ఉన్నోళ్లకు తెల్సు, ఇక్కడ కోతుల మీద ఏ నేరం మోపినా ఎవ్వరు కాదనరు. కట్టె పట్టుకొని మిట్టమధ్యాహ్నం బంగ్లా ఎక్కిన. చెప్పులు లేకుంట పోయిన, అది నా బుద్ధి తక్కువ. వైర్లన్నీ మంచిగనే ఉన్నయ్, కనెక్టర్లు మంచిగనే ఉన్నయ్. ట్యాంకు నీడకు ఒక కోతి కూసొని నన్నే చూస్తున్నది.

కిందికొచ్చి ఇన్వర్టర్ స్క్రీన్ చూస్తే పసుపు లైటు, స్టాండ్‌బై. ప్యానెళ్ల దిక్కు నుంచి డీసీ వోల్టేజీ 270 దాకా చూపెడుతున్నది. ఇంట్ల కరెంటు ఉన్నది. అంటే పైనుంచి కరెంటు ఇన్వర్టర్ దాకా వస్తున్నది, అది తీసుకుంటలేదు.

సాయంత్రం మా అల్లుడు, అంటే మా చెల్లె కొడుకు, వచ్చిండు. మడికొండ ఐటీ పార్కుల పని చేస్తడు. నా ఫోన్ తీసుకొని యాప్ అటిటు తిప్పి, "మామా, ఈ ప్లాంట్ నీది కాదు" అన్నడు. నేను నవ్విన. వాడు నవ్వలేదు. యాప్‌ల ఓనర్ పేరు కాడ వెండర్ ఖాతా ఉన్నది. నేను గెస్ట్‌ను. చూడొచ్చు అంతే, ఏం మార్చొద్దు. బిగిచ్చిన దినం వాళ్ల పిలగాడు "సార్ మీ ఫోన్ ఇయ్యుండ్రి, యాప్ సెట్ చేస్త" అని తీసుకొని రెండు నిమిషాలల్ల ఇచ్చిండు. ఆ రెండు నిమిషాలల్ల జరిగింది ఇది.

ఇంతకు అదెట్ల పని చేస్తదంటే, ఇన్వర్టర్ కింద చిటికెన వేలంత డాంగిల్ ఒకటి ఉంటది. అది మనింటి వైఫై పట్టుకొని కొన్ని నిమిషాలకోసారి లెక్కలన్నీ కంపెనీ సర్వర్‌కు పంపుతది. మనం యాప్‌ల చూసేది ఆ సర్వర్ చెప్పేదే. తొవ్వ రెండు దిక్కుల తెరిచి ఉంటది: లెక్క అటు పోతది, హుకుం ఇటు వస్తది. ఆన్, ఆఫ్, గ్రిడ్‌కు ఎంత పంపాలె, అన్నీ. మా మోడల్‌కు గోడ కాడ ఆన్ చేసే బటన్ గూడ లేదు, సెట్టింగులన్నీ యాప్‌లనే.

మల్ల ఫోన్ చేస్తే ఈసారి కోతులు పోయి "సర్వర్ ప్రాబ్లం" వచ్చింది. "ఏఎంసీ కడితే రీసెట్ చేస్తం సార్."

కట్టలేదు. బిల్లు, అగ్రిమెంట్, ఇన్వర్టర్ మీది సీరియల్ నంబర్ ఫొటో, నా కరెంటు బిల్లు, ఇవన్నీ పెట్టి నేరుగ ఇన్వర్టర్ తయారుచేసిన కంపెనీ సర్వీసుకు మెయిల్ రాసిన. రెండుసార్లు గుర్తు చేస్తే తొమ్మిదో దినం ఓనర్‌షిప్ నా పేరు మీదికి మార్చిన్రు. ఓనర్ అయినంక పాత రికార్డు మొత్తం తెరుసుకున్నది. అండ్ల ఒక లైను: పొద్దున 11:42, ఆఫ్ కమాండ్, ఇన్‌స్టాలర్ ఖాతా నుంచి, అంటే వెండర్ ఖాతా నుంచి. కోతికి ఖాతా లేదు కద!

3 కిలోవాట్లకు దినానికి సుమారు 12 యూనిట్లు వస్తయ్, తొమ్మిది దినాలకు నూరు యూనిట్ల పైన. పైసలుగ చూస్తే పెద్దది కాదు. కని నా ఇంటి మీది సామాను ఊరవుతల కూసున్నోడు బంద్ చేయొచ్చు అన్నది చూసినంక నిద్ర పట్టలేదు. మా అల్లుడు ఇంకొన్ని చెప్పిండు. 2024 నవంబర్‌ల అమెరికాల కొందరి ఇండ్లల్ల డేయే అనే చైనా కంపెనీ ఇన్వర్టర్లు ఇట్లనే దూరం నుంచి ఆగినయట, ఈ దేశంల వాడొద్దు అని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చిందట. అదే ఏడాది ఆగస్టుల బిట్‌డిఫెండర్ అనే సెక్యూరిటీ కంపెనీ, సోలార్‌మ్యాన్ అనే, ఇన్వర్టర్ల లెక్కలు చూసే ప్లాట్‌ఫామ్‌ల ఖాతాలు బయటోళ్లు గుంజుకునేటంత లొసుగులు పట్టుకున్నది, తర్వాత సరిచేసిన్రు. ఆ ప్లాట్‌ఫామ్ కింద ప్రపంచ సోలార్‌ల ఐదో వంతు ఉంటదని లెక్క. లిథువేనియా అయితే 100 కిలోవాట్ల పైన ఉన్న ప్లాంట్లకు చైనా నుంచి రిమోట్ పట్టు ఉండొద్దని చట్టమే చేసింది. మనోళ్లు చైనా సామాను అని అక్కడనే ఆగుతరు. నా ఇన్వర్టర్ బంద్ చేసినోడు చైనాల లేడు, నాలుగు కిలోమీటర్ల అవుతల ఉన్నడు.

పాస్‌వర్డ్ సంగతి గూడ చెప్పాలె. మా డాంగిల్‌కు సొంతంగ ఒక వైఫై ఉన్నది, గల్లీల నిలబడితే ఫోన్ల కనబడుతది. దాని పాస్‌వర్డ్ 12345678. పక్క గల్లీల అదే వెండర్ పెట్టిన ఇంకో ఇంటిది గూడ అదే, వాళ్లను అడిగి వాళ్ల ముంగటనే చూసినం. ఇప్పుడు మాది మార్చిన, ఇంటి వైఫైల గూడ దానికి గెస్ట్ నెట్‌వర్క్ వేరే ఇచ్చిన.

మీరు చివరి పైసలు ఇయ్యకముందే యాప్‌ల ఓనర్ కాడ మీ మెయిల్, మీ నంబర్ ఉన్నదా చూసుకోండ్రి. వెండర్‌ను గెస్ట్‌గ పెట్టుండ్రి, రిపేరుకు ఆయనకు చూసుడు చాలు. సూర్య ఘర్ నేషనల్ పోర్టల్‌ల అప్లై చేసేటప్పుడు గూడ మీ ఫోన్ నంబర్‌తోనే చేయండ్రి. "మీకెందుకు సార్ తిప్పలు, మా నంబర్ పెడతం" అంటరు, వద్దనుండ్రి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ వాట్సాప్‌ల పంపమంటరు. నేనూ పంపిన, ఎవని ఫోన్ల ఉన్నయో ఇప్పుడు తెల్వదు. మొన్న మా వదినకు సూర్య ఘర్ సబ్సిడీ స్టేటస్ అని ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్ల దొంగ యాప్ ఎక్కిచ్చేది, వచ్చింది. ఆమె అప్లై చేసి వారమే అయింది! నొక్కలేదు, బతికింది. నొక్కినోళ్లు ఆలస్యం చేయకుంట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండ్రి.

ఇంకో అబద్ధం గూడ ఉన్నది, అది చానమంది వెండర్లు చెప్తరు: కరెంటు పోయినా సోలార్ నడుస్తదని. నడువది. గ్రిడ్‌కు కలిపిన ఇన్వర్టర్, లైను పోంగనే ఆగుతది, స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుంట అట్ల చేసి ఉంటది. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితేనే నడుస్తది, దానికి ధర వేరే. రామగుండం అసుంటి ఎండకు ఎక్కువ కరెంటు వస్తదని గూడ చెప్తరు. వెలుతురుకు వస్తది, వేడికి రాదు. ప్యానెల్ వేడెక్కినకొద్ది ఉత్పత్తి తగ్గుతది. రాష్ట్రం ఇచ్చే గృహజ్యోతి పథకం కింద, తెల్ల రేషన్ కార్డు ఉండి 200 యూనిట్లలోపు వాడుకునేటోళ్లకైతే బిల్లే రాదు, వాళ్లు ఈ ఖర్చు ఎందుకు పెట్టుకోవాల్నో నాకు అర్థం కాదు.

నెట్ మీటర్ పెట్టిన కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్‌కు ఈ లొల్లితోని సంబంధం లేదు. మీటర్ల ఎంత పోయింది, ఎంత వచ్చింది అన్నదే వాళ్ల లెక్క. నేను నక్కలగుట్టల ఉన్న వాళ్ల ఆఫీసుకు పోదామనుకొని, మా అల్లుడు చెప్తే ఆగిన.

వెండర్ మీద వినియోగదారుల కమిషన్‌కు కాయితాలు తయారు చేస్తున్న, అందుకే పేరు రాస్తలేను. ఆయన వాట్సాప్ స్టేటస్‌ల మా బంగ్లా ఫొటో ఇంకా పెడుతున్నడు, "మరో సంతోషమైన కస్టమర్" అని. నీలం ట్యాంకు, ఆరు ప్యానెళ్లు, మూలకు తులసి గద్దె కనబడితే అది మా ఇల్లే. ఆ ఫొటో చూసి అడ్వాన్స్ ఇయ్యబోయేటోళ్లుంటే కింద కామెంట్ పెట్టుండ్రి, ఆ రికార్డు లైను స్క్రీన్‌షాట్ పంపుత.