రైస్ మిల్లు ప్యానెల్‌లో ఎస్‌ఎం 1231 అనలాగ్ మాడ్యూల్: ఒక సమీక్ష

పెద్దపల్లి ప్రాంతంలోని ఒక బాయిల్డ్ రైస్ మిల్లు ప్యానెల్‌లో సీమెన్స్ ఎస్7-1200 కంట్రోలరుకు ఎస్‌ఎం 1231 అనలాగ్ ఇన్‌పుట్ మాడ్యూల్‌ను జతచేసి నడిపిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. సెన్సర్ల నుంచి వచ్చే వోల్టేజి, కరెంటు సంకేతాలను అంకెలుగా మార్చి, మిల్లును ప్రోగ్రాం ప్రకారం నడిపే కంట్రోలరుకు అందించడమే దీని పని. ఇది నాలుగు ఛానెళ్లున్న (నాలుగు సంకేతాలు తీసుకునే) 13 బిట్ల రకం. యాసంగి వడ్లను నేరుగా మరపడితే నూక ఎక్కువ వస్తుంది కాబట్టి మన వైపు మిల్లులు ఉడకబెట్టే పద్ధతి మీదనే ఆధారపడతాయి. ఆ పద్ధతిలో ఆవిరి ఒత్తిడి, డ్రయ్యరు వేడి, బాయిలరు నీటిమట్టం క్షణక్షణం తెలుస్తూ ఉండాలి.

ఎస్7-1200 సీపీయూలలో (కంట్రోలరు ప్రధాన భాగాలలో) చాలావాటికి సొంతంగా రెండు అనలాగ్ ఇన్‌పుట్లు ఉన్నాయి కానీ, అవి 0 నుంచి 10 వోల్టుల సంకేతాన్ని మాత్రమే తీసుకుంటాయి. బాయిలరు నుంచి ప్యానెల్ దాకా పొడవాటి కేబుల్ నడిచే చోట, పక్కనే బ్లోయర్ల మోటారు వేగాన్ని మార్చే డ్రైవులు విద్యుత్ నాయిస్ పుట్టించే చోట, వోల్టేజి సంకేతాన్ని నేను నమ్మను. 4-20 మిల్లీయాంపుల కరెంటు లూపు పొడవునా ఒకే విలువతో ఉంటుంది. ఈ మాడ్యూల్ ఆ కరెంటు సంకేతాన్ని తీసుకుంటుంది. దీన్ని కొనడానికి అసలు కారణం అదే.

రెండు తీగల ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌కు (ఒత్తిడిని 4-20 సంకేతంగా మార్చే పరికరానికి) వైరింగ్ తేలిక. 24 వోల్టుల ప్లస్ ట్రాన్స్‌మిటర్ ప్లస్‌కు, దాని మైనస్ మాడ్యూల్ 0+ టెర్మినల్‌కు, మాడ్యూల్ 0− తిరిగి సప్లై మైనస్‌కు వెళ్లాలి. సొంత సప్లై ఉన్న నాలుగు తీగల పరికరానికి మాత్రం అవుట్‌పుట్ రెండు తీగలను 0+, 0−లకు కలిపితే చాలు. అక్కడ ప్యానెల్ 24 వోల్టులను లూపులోకి తేకూడదు. కరెంటు ఇన్‌పుట్ నిరోధం సుమారు 270 ఓములు కాబట్టి 20 మిల్లీయాంపుల వద్ద 5.4 వోల్టులు మాడ్యూల్‌లోనే ఖర్చవుతాయి. అదే లూపులో బాయిలరు మనిషి కోసం ఒక డిజిటల్ ఇండికేటరును కూడా పెట్టేవారు, ట్రాన్స్‌మిటర్‌కు కనీసం ఎన్ని వోల్టులు మిగలాలో ముందే లెక్క చూసుకోవాలి.

ఛానెళ్లను జతలుగానే వోల్టేజికో కరెంటుకో మార్చగలం: 0, 1 ఒక జత, 2, 3 మరో జత. కరెంటు సంకేతమిచ్చే సెన్సర్లు మూడు, వోల్టేజి సంకేతమిచ్చేది ఒకటి ఉన్నవారికి ఇది ఇబ్బందే. సెన్సర్లు కొనేటప్పుడే అన్నింటినీ 4-20 రకంగా తీసుకోవడం మేలు. ఫీల్డు (సెన్సర్ల) వైపుకు, లాజిక్ (కంట్రోలరు) వైపుకు మధ్య ఐసోలేషన్, అంటే విద్యుత్ పరంగా వేరుచేసే ఏర్పాటు, లేకపోవడం ఇంకా పెద్ద లోపం. వేరే సప్లైతో నడిచే పరికరం మైనస్‌కూ ప్యానెల్ మైనస్‌కూ తేడా పెరిగితే, సంకేతంతో కలిపి అది ±12 వోల్టులు దాటకూడదు. అలాంటి చోట సిగ్నల్ ఐసోలేటర్ పెట్టడమే నా సలహా. కేబుల్ షీల్డును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేసి, నాయిస్ ఫిల్టరును 50 హెర్ట్జ్‌కు పెట్టిన తరువాత రీడింగులు నిలకడగా ఉన్నాయి.

ప్రోగ్రాంలో 4 మిల్లీయాంపులకు 0, 20కి 27648 అనే సంఖ్య వస్తుంది. 10 బార్ల ట్రాన్స్‌మిటర్‌లో 13824 అంటే 5 బార్లు. ఆ సంఖ్యను కొలతగా మార్చే (స్కేల్ చేసే) నార్మ్‌ఎక్స్, స్కేల్‌ఎక్స్ ప్రోగ్రాం బ్లాకులతో ఈ లెక్క సులభంగా కుదురుతుంది. కానీ తీగ తెగి కరెంటు 1.185 మిల్లీయాంపుల కన్నా తగ్గితే మాడ్యూల్ 32767 చూపిస్తుందని ప్రోగ్రాం రాసేవారు తప్పక గుర్తుంచుకోవాలి. నీటిమట్టం ఛానెల్‌లో ఆ సంఖ్యను అలాగే స్కేల్ చేస్తే, నీళ్లు అడుగంటుతున్నా డ్రమ్ము నిండుగా ఉన్నట్టు కనిపించి ఫీడ్ పంపు ఆగిపోతుంది. అందుకే స్కేలింగుకు ముందే 32767ను పరీక్షించి, అలారం మోగించి, బాయిలరుకు పొట్టు అందించే ఫీడరును ఆపాలి. బాయిలరుకు విడిగా ఉన్న లో-వాటర్ కటాఫ్‌ను (నీళ్లు తగ్గితే మంటను ఆపే ఏర్పాటును), సేఫ్టీ వాల్వును ఏ ప్రోగ్రామూ భర్తీ చేయదు.

డ్రయ్యరులో వేడిని కొలిచే పీటీ100 సెన్సరును నేరుగా దీనికి కలపలేము. దాని రీడింగును 4-20 సంకేతంగా మార్చే హెడ్ ట్రాన్స్‌మిటరైనా ఉండాలి, లేదా పీటీ100 లాంటి సెన్సర్లను నేరుగా తీసుకునే, ఇదే వరుసలోని ఆర్టీడీ మాడ్యూలైనా తీసుకోవాలి. నాలుగు కన్నా ఎక్కువ వేడి పాయింట్లున్న మిల్లుకు రెండో దారే సూచిస్తాను. కరెంటు సంకేతమిచ్చే సెన్సర్లు మాత్రమే ఉన్న మిల్లుకు ఈ మాడ్యూల్‌ను నిశ్చింతగా కొనవచ్చు. మిగిలిపోయిన కరెంటు ఛానెల్‌ను 0-20 రేంజికి మార్చి వదిలితే అనవసరపు వైర్-బ్రేక్ (తీగ తెగిందనే) అలారాలు రావు.