ముహూర్తాల ఆఫీసు: నా పాత రివ్యూ మారుస్తున్నాను

ఫిబ్రవరిలో ఒక్క స్టార్ ఇచ్చి, కోపంలో నాలుగు మాటలు రాశాను. ఇప్పుడు నాలుగు స్టార్లు చేస్తున్నాను.

మా బావ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఏడాది తిరిగేలోపు పిల్ల పెళ్ళి చేస్తే ఆ కన్యాదాన ఫలం పోయినాయనకి దక్కుతుందని మా అక్క అత్తగారి పట్టు. పిల్ల ఇంటర్ ఫస్టియర్. అబ్బాయికి 27. మేనమామని కాబట్టి ముహూర్తం పని నా మీద పడింది. 1,116 రూపాయలు అడ్వాన్సు కట్టి వెళ్ళాను.

వయసు అడిగితే పద్దెనిమిది నిండాయని చెప్దామనుకున్నాం. తీరా పంతులుగారు వయసు అడగలేదు, జాతకం అడిగారు. అక్కడ దొరికిపోయాను. 2007 అంటే నక్షత్రం మారిపోతుంది, పొంతన ఉత్తదైపోతుంది. నిజం చెప్తే 2009 నవంబర్. ఆధార్ విషయంలో అబద్ధానికి సిద్ధపడే వెళ్ళినవాణ్ణి, పంచాంగం ముందు నోరు రాలేదు. నిజమే చెప్పాను. ఆయన వేళ్ళమీద లెక్కపెట్టి, పంచాంగం మూసి, కళ్ళజోడు తీసి దాని మీద పెట్టారు.

"పదహారే కదండీ. నేను చేయించను."

2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పెళ్ళి జరిపించిన పురోహితుడికి కూడా రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడుతుందట. "అయితే భయమా?" అన్నాను. భయమేనన్నారు, ఏమాత్రం నొచ్చుకోకుండా. నేను ఊరుకోకుండా, ఆడపిల్లకి చిన్నతనంలోనే పెళ్ళి చేయాలనడానికి చెప్పే 'అష్టవర్షా భవేద్గౌరీ' శ్లోకం ఎత్తుకున్నాను. ఆయన మొత్తం విని, "ఆ శ్లోకం లెక్కన పదేళ్ళు దాటనివ్వడమే పాపం. ఆ పాపం ఆరేళ్ళ కిందటే చేసేశారు మీరు. పిల్లని బడికి పంపుతున్నప్పుడు గుర్తు రాలేదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంకో మాట కూడా అన్నారు. "ఏడో అడుగులో పెళ్ళికొడుకు చేత 'సఖా సప్తపదా భవ' అనిపించేది నేను. నాకు స్నేహితురాలివి కమ్మని అర్థం. ఇరవయ్యేడేళ్ళవాడు ఈ పిల్లతో అంటుంటే పక్కన కూర్చుని చెప్పించిన పాపం మీ బావగారి ఖాతాలో పడదండీ, నా ఖాతాలో పడుతుంది."

బయటికొచ్చి రివ్యూ రాసింది అప్పుడే. ఆ సాయంత్రమే ఇంకొకాయనకి ఫోన్ చేశాను. జాతకం ఊసే ఎత్తలేదు. "ఎన్నింటికి రావాలి, కారు పంపిస్తారా?" అన్నాడు. పని అయిపోయిందని సంబరంగా అక్కకి చెప్పాను. అక్క కాసేపు పలకలేదు. తర్వాత, "జాతకం కూడా చూడనాయన చేయించే పెళ్ళితో మీ బావకి ఏం పుణ్యం వస్తుందిరా?" అంది. సంబంధం అక్కడితో ఆగిపోయింది. చట్టం, జైలు అని నేను ఎంత చెప్పినా ఆగేది కాదేమో! వాళ్ళ అత్తగారు నాతో ఇప్పటికీ మాట్లాడటం లేదు. పిల్ల సెకండియర్‌లో చేరింది.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఫోన్ ఎత్తరు. చెప్పిన టైముకి వెళ్ళినా గంటన్నర కూర్చోబెట్టారు, ఫ్యాన్ కూడా లేదు. అడ్వాన్సు అదే రోజు తిరిగిచ్చారు కానీ, జాతకం కాగితం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. రెండుసార్లు వెళ్ళి అడిగాను. 2027 నవంబర్ దాటాక వచ్చి తీసుకెళ్ళమన్నారు.