షెడ్డులో నేర్చుకోవడమా, ఐటీఐలో చేరడమా?

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఓనర్లను కదిపితే ఒకటే మాట: "పని ఉంది, చేసే కుర్రాళ్లు లేరు." మా తమ్ముడి కొడుకు పది పాసై మెకానిక్ అవుతానన్నప్పుడు రెండు దారులూ చూశాం.

మేస్త్రీ దగ్గర చేరితే మొదట్లో పానాలు అందించడం, పార్టులు కడగడమే. జీతం అంతంతమాత్రం. కానీ చేతికీ చెవికీ వచ్చే పనితనం ఇంకెక్కడా రాదు. ఒక మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "ఈ శబ్దం ట్యాపెట్‌ది (వాల్వులను కదిపే భాగం) కాదు, బేరింగ్‌ది" అన్నాడు. విప్పితే అదే! ఆయనకు అరవై దాటాయి. పిల్లలెవరూ ఈ పనిలోకి రాలేదు. నా బాధంతా అదే.

ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు. సర్టిఫికెట్ వస్తుంది, తర్వాత స్టైపెండ్‌తో అప్రెంటిస్‌గా చేరొచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా కొత్త బైకుల్లోనూ పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ పోయి, సెన్సర్ల లెక్కతో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సర్ లోపం చెవికి దొరకదు. స్కానర్‌లో బండి చూపే లోపం కోడ్ చదవాలి, ఆపైన కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టి వైరు తెగిందా, సెన్సరే పోయిందా తేల్చాలి. కోడ్ చూడగానే సెన్సర్ మార్చేస్తే కస్టమర్ డబ్బు దండగ. ఇది రావాలంటే కరెంటు పాఠాలు తప్పవు. బండి విప్పి బిగించే అవకాశం మాత్రం షెడ్డులో దొరికినంత అక్కడ దొరకదు.

నా మట్టుకు ముందు ఐటీఐ, సెలవుల్లో షెడ్డు. వాడు ఆదివారాలు కూడా మేస్త్రీ దగ్గరికి వెళ్తానంటున్నాడు.