కట్టిస్తూ నేర్పడం: యేల్ పద్ధతి, రూరల్ స్టూడియో పద్ధతి

ఆర్కిటెక్చర్ విద్యార్థుల చేత నిజమైన ఇళ్లు కట్టించడంలో అమెరికాలో ఈ రెండూ పేరున్న పద్ధతులే. కానీ తీరు వేరు.

యేల్ విశ్వవిద్యాలయంలో ఇది 1967లో, ఆర్కిటెక్ట్ చార్లెస్ మూర్ ఆధ్వర్యంలో మొదలైంది. తొలి భవనాలు కెంటకీ కొండప్రాంతంలో కట్టారు. తరువాత సొంత ఊరు న్యూ హేవెన్‌లో తక్కువ ఆదాయం వారి ఇళ్ల వైపు మళ్లారు. మాస్టర్స్ తొలి ఏడాది విద్యార్థులకు ఇది తప్పనిసరి. అందరూ సుత్తి పట్టాల్సిందే. అదే దీని గొప్ప బలం.

ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రూరల్ స్టూడియోను 1993లో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ స్థాపించారు. ఇక్కడ విద్యార్థులు అలబామాలోని హేల్ కౌంటీకి మకాం మారుస్తారు. పేదరికం ఎక్కువగా ఉన్న ప్రాంతమది. ఎవరికి ఇల్లు కడుతున్నారో వారి మధ్యే బతుకుతారు. 1994లో పూర్తయిన బ్రయంట్ ఇంటికి గడ్డిమోపులు పేర్చి, గార పూసి గోడలు లేపారు. ఖర్చు తక్కువ, ఎండకూ చలికీ మందమైన అడ్డు. 2005లో మొదలైన 20 వేల డాలర్ల ఇంటి ప్రయత్నం నాకు ఇంకా విలువైనది. సామగ్రి, కూలి కలిపి అంతలోనే ఇల్లు కట్టాలన్నది అప్పటి లక్ష్యం. ఒక జట్టు నేర్చుకున్నదాన్ని తరువాతి జట్టు ముందుకు తీసుకెళ్తుంది.

నా ఓటు రూరల్ స్టూడియోకే. విద్యార్థులను పల్లెలో ఉంచే వసతి లేని కళాశాల మాత్రం యేల్ పద్ధతితో, తన ఊళ్లోనే, నిస్సంకోచంగా మొదలుపెట్టవచ్చు.